రిజిస్టరులో పేరు – కేంద్రంలో పాలు

(శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి తరగతిలో వెన్న శాతం గురించి, గాలికుంటు టీకాల గురించి చెప్పుకున్నాము. నేడు మాకు ఇచ్చిన విషయం సభ్యత్వము, ఎన్నికలు. ఇది వినగానే కొందరు గోడ గడియారం వైపు చూశారు. గేదె ఈతకు వస్తే రాత్రంతా మేలుకునే మనం, సంఘం ఎన్నిక వస్తే "ఎవరు నెగ్గితే మనకేమి" అని పడుకుంటాము. ఆ నిద్ర ఖరీదు ఎంతో ముందుగా చెప్పి, తరువాత రాజకీయ పార్టీల సంగతికి, స్వతంత్ర అభ్యర్థుల సంగతికి వస్తాము.

మా తప్పుతోనే మొదలుపెడతాము. చాలా ఏళ్ల క్రిందట ఒక గ్రామ సంఘానికి పర్యవేక్షణకు వెళ్లాము. ఎన్నిక నెల రోజులు ఉన్నది. సభ్యత్వ రిజిస్టరు తెరిచి చూస్తే, చివరి పేజీలలో కొత్త పేర్లు వరుసగా ఉన్నాయి. సిరా ఒకటే, చేతివ్రాత ఒకటే, వాటాధనం జమ అయిన తేదీ కూడా ఒకటే. సంతకాల గడిలో అన్నీ వేలిముద్రలే. "అందరూ చదువు రానివారేనా?" అని అడిగాము. "అవునండి" అన్నారు కార్యదర్శి. ఇంతలో టీ వచ్చింది. టీ తాగి, తనిఖీ చేసినట్లు సంతకం పెట్టి వచ్చేశాము.

ఎన్నిక రోజున ఆ కొత్తవారంతా ఒక ట్రాక్టరులో దిగారు. క్యూలో నిలబడిన ఒక పెద్దామె మా దగ్గరకు వచ్చి, "బాబూ, ఈళ్లు పాల కేను అట్టుకుని రావడం నానెప్పుడూ సూడనేదు. ఈళ్ల ఓటూ నా ఓటూ ఒకటేనేటి?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాము. ఆమె ఓటు వేయకుండానే ఇంటికి వెళ్లిపోయింది. మరునాటి నుంచి ఆమె, ఆమె వీధివారు పాలు ప్రైవేటు వర్తకుడికి పోశారు. సంఘం మూతపడలేదు గాని, ఆ వీధి తిరిగి కేంద్రానికి రావడానికి రెండేళ్లు పట్టింది. పోయింది ఒక ఎన్నిక మాత్రమేనని ఆనాడు అనుకున్నాము. అంతకంటె పెద్దదే పోయింది.

ఒక లెక్క వేసి చూద్దాము. సంఘంలో 120 మంది రోజూ పాలు పోసేవారు ఉన్నారనుకోండి. ఎన్నికకు 70 మంది వస్తారు. అందులో 36 ఓట్లు వస్తే గెలుపు. ఒక పెద్దమనిషి తన డబ్బుతో 40 మందికి వాటాధనం కట్టి, వారిని తన బండిలో తెచ్చి ఓటు వేయించాడనుకోండి. పోలైన ఓట్లు 110, గెలుపుకు 56 చాలు. తన 40కి 16 ఓట్లు కలిస్తే ఆయనదే పాలకవర్గం. 70 మంది పాడి రైతులలో 54 మంది ఒక మాట మీద ఉన్నా ఓడిపోతారు. ఇందులో దొంగ ఓటు ఒక్కటీ లేదు. పేరు ఉన్నది, రసీదు ఉన్నది, మనిషి వచ్చాడు. కాగితం మీద తప్పు కనబడదు. కనబడేది పాల కేంద్రంలో మాత్రమే.

సోదరులారా, ఈ జబ్బు మన సంఘాలలో పుట్టినది కాదు. రాజకీయ పార్టీలలో ఇది చాలా పాతది. 1920లో నాగపూరు మహాసభలో కాంగ్రెసుకు కొత్త నిబంధనావళి వచ్చి, నాలుగణాలు చెల్లించిన వారెవరైనా సభ్యులు కావచ్చుననే ఏర్పాటు జరిగింది. బీదవారికి తలుపు తెరిచిన గొప్ప ఏర్పాటది. కాని ఆ నాలుగణాలు సభ్యుడే కట్టాడా, అతని పేరిట మరొకరు కట్టారా అనే ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది.

1939 జనవరి 29న జరిగిన కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక మీలో పెద్దలు విన్నదే. సుభాష్ చంద్రబోసు గారికి 1580 ఓట్లు వచ్చాయి. మన తెలుగువారు, ఆంధ్రా బ్యాంకు స్థాపించిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ రెండు రోజుల తరువాత ఇచ్చిన ప్రకటన అందరికీ గుర్తున్నది. అదే ప్రకటనలో, కాంగ్రెసు రిజిస్టర్లలో చాలా పెద్ద సంఖ్యలో బోగస్ సభ్యులు ఉన్నారని కూడా ఆయన అన్నారు. ఆ మాట తక్కువమందికి గుర్తున్నది. ఓడిన పక్షం అలా అనడం సహజమేనని మీరు అనవచ్చు. నిజమే. కాని రిజిస్టరు మీద నమ్మకం లేనప్పుడు గెలిచినవారి గెలుపుకూ గౌరవం ఉండదు, ఓడినవారి ఫిర్యాదుకూ రుజువు ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇదే పార్టీలో 1972 నుంచి సుమారు ఇరవై ఏళ్ల పాటు సంస్థాగత ఎన్నికలే జరుగలేదు. తిరిగి జరిపి, 1992 ఏప్రిల్‌లో మన తిరుపతిలో మహాసభ పెట్టి వర్కింగ్ కమిటీకి ఎన్నికలు నిర్వహించారు. ఎన్నికైన వారిలో హరిజన, గిరిజన, మహిళా ప్రతినిధులు లేరన్న కారణం చూపి, గెలిచినవారి చేతనే రాజీనామాలు చేయించారు. ఒక పార్టీని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఏ జెండా కిందనైనా ఇటువంటి కథలు ఉంటాయి. ఈనాడు ఫోనులో ఒక మిస్డ్ కాల్ ఇస్తే సభ్యులయ్యే రోజులు వచ్చాయి. సభ్యులు కోట్లలో ఉన్నారని పార్టీలు చెప్పుకుంటాయి. మంచిదే. కాని మన నియోజకవర్గపు అభ్యర్థి ఎవరో నిర్ణయించే రోజున ఆ కోట్ల సభ్యులలో ఎవరిని అడిగారు?

పరదేశాలలోనూ ఇంతే. ఆస్ట్రేలియాలో పార్టీకి ఊరూరా శాఖలు ఉంటాయి. ఆ ప్రాంతపు అభ్యర్థి ఎంపికలో శాఖ సభ్యులకు ఓటు ఉంటుంది. అందుచేత కొందరు నాయకులు ఇతరుల పేరిట రుసుము తామే కట్టి శాఖలను నింపుతారు. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో 2020లో ఈ గొడవ బయటపడి, ఒక మంత్రి పదవి పోయింది, రాష్ట్ర శాఖ వ్యవహారాలను పార్టీ జాతీయ నాయకత్వం తన చేతిలోకి తీసుకున్నది. పాడి పశువులున్న ఆ దేశపు పల్లెలకూ మన పల్లెలకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఇక స్వతంత్రుల సంగతి. తలుపు లోపలినుంచి గడియ పెట్టినప్పుడు జనం దొడ్డిదారి వెదుకుతారు. మన ప్రాంతానికి స్వతంత్ర అభ్యర్థులు కొత్త కాదు. 1952 తొలి ఎన్నికలలోనే శ్రీకాకుళం లోక్‌సభ స్థానం నుంచి బొడ్డేపల్లి రాజగోపాలరావు గారు స్వతంత్రులుగా గెలిచారు. అదే ఏడాది విశాఖపట్నం నుంచి లంకా సుందరం గారు స్వతంత్రులుగానే పార్లమెంటుకు వెళ్లారు. 1989లో హరిశ్చంద్రపురం శాసనసభ స్థానంలో కింజరాపు ఎర్రన్నాయుడు గారు, 2004లో విజయనగరంలో కోలగట్ల వీరభద్రస్వామి గారు ఏ పార్టీ గుర్తూ లేకుండా నెగ్గారు.

వీరందరి పేర్లూ మీకు తెలిసినవే. కాని ఒక సంగతి గమనించండి. రాజగోపాలరావు గారు 1957 నాటికి కాంగ్రెసు అభ్యర్థి. ఎర్రన్నాయుడు గారు 1994లో మళ్లీ తెలుగుదేశం అభ్యర్థి. వీరభద్రస్వామి గారూ తరువాత పార్టీల పక్షాననే పోటీ చేశారు. అంటే ఓటరు ఆ రోజున పార్టీ నిర్ణయాన్ని దిద్దాడు గాని, పార్టీ లోపలి పద్ధతిని దిద్దలేకపోయాడు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు ఆ పదవీకాలంలో ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది. 175 మంది ఉన్న శాసనసభలో ఒక్కడు ఎంతవరకు లాగగలడో కాడి కట్టిన రైతుకు చెప్పనక్కరలేదు.

అలాగని స్వతంత్రుల పోటీ వృథా అనడం లేదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. వారిలో ఎక్కువమంది ఫ్లోరైడు నీటితో ఎముకలు వంకరపోయిన ప్రాంతపు జనం గోడు వినిపించడానికి నిలబడినవారే. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. ఆ ఏడాదే ధరావతు పెంచి, స్వతంత్రులను పది మంది ఓటర్లు ప్రతిపాదించాలనే నిబంధన తెచ్చారు. అయినా 2019లో నిజామాబాదులో 178 మంది రైతులు పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేసి నిలిచారు. మొత్తం 185 మంది పోటీలో ఉండగా, ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. ఆ రైతులలో ఒక్కరూ గెలవలేదు. కాని జాతీయ పసుపు బోర్డు 2023లో ఏర్పడి, 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. వారి పోటీ వల్లనే వచ్చిందని మేము అనము. వారి పోటీ తరువాత ఆ మాటను ఎవరూ మరచిపోలేకపోయారని మాత్రం అంటాము.

ఇందులో మనకు పాఠం ఏమిటి? బయటినుంచి కేక వేయవచ్చు. కాని రోజూ పని జరగవలసినది లోపల. మన గ్రామ సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు లేకుండానే జరుగుతుంది. పాల సంఘం ఎన్నిక కూడా అలాగే ఉండాలి. మనలో అందరికీ ఒక్కొక్క పార్టీ మీద అభిమానం ఉంటుంది, ఉండవచ్చు. కాని లాక్టోమీటరుకు పార్టీ లేదు. ఏ పార్టీవాని గేదె అయినా వెన్న శాతం యంత్రం చెప్పినదే.

1844లో ఇంగ్లండులో రాచ్‌డేల్ నేత కార్మికులు దుకాణం పెట్టినప్పుడు ఒక మనిషికి ఒకే ఓటు అన్నారు. వాటాలు ఎన్ని ఉన్నా ఓటు ఒకటే. 1946లో గుజరాత్‌లోని ఆనంద్‌లో త్రిభువన్‌దాస్ పటేల్ గారు పాల రైతులను కూడగట్టినప్పుడు పునాదిగా పెట్టుకున్నదీ ఇదే. మన రాష్ట్రంలో 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రకారం నడిచే సంఘాలలో ఎన్నికలు సకాలంలో జరిపే బాధ్యత పాలకవర్గం మీదనే పెట్టారు. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం ఏర్పరచుకునే హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చింది. హక్కు రాజ్యాంగం ఇస్తుంది. రిజిస్టరు మాత్రం మనమే వ్రాసుకోవాలి.

కనుక మీకు మా మనవులు నాలుగు.

ఒకటి, సభ్యత్వ రిజిస్టరును పాలు పోసిన ఖాతాతో ఏటా సరిచూడండి. మీ బైలా ప్రకారం ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసినవారికే ఓటు అని ఉంటే, ఆ జాబితాను ఎన్నికకు చాలా ముందుగా కేంద్రం గోడకు అంటించండి. పేర్లు చదివి వినిపించండి. చదువు రాని సభ్యుడికీ తన పేరు వినబడాలి.

రెండు, వాటాధనం సభ్యుడే స్వయంగా వచ్చి కట్టాలి. నలభై మంది డబ్బు ఒకరు తెస్తే కార్యదర్శి "ఎందుకు?" అని అడగాలి. టీ తాగి సంతకం పెట్టకూడదు. మేము పెట్టాము కనుక చెబుతున్నాము.

మూడు, ఏరివేత పేరుతో నిజమైన సభ్యులను తీసివేయకండి. ఇదీ అంత పెద్ద మోసమే. గేదె వట్టిపోయిన నెలలలో పాలు పోయలేని బీదవాడు, భర్త పోయిన తరువాత పాస్‌బుక్కు పేరు మార్చుకోని ఇల్లాలు, పాలు తాను పోస్తూ సభ్యత్వం మగవారి పేరిట ఉన్న స్త్రీ, వీరే ముందుగా జాబితా నుంచి జారిపోతారు. తీసివేసే ముందు నోటీసు ఇవ్వండి, ఇంటికి వెళ్లి అడగండి. తలుపు తెరవడమూ, కాపలా ఉండడమూ రెండూ పాలకవర్గం పనులే.

నాలుగు, మహాజన సభకు రండి. మన లెక్కలో 120 మందిలో 70 మందే వచ్చారని చెప్పాము. మిగిలిన 50 మంది వచ్చి ఉంటే ట్రాక్టరులో వచ్చిన 40 మంది వల్ల ఏమయ్యేది? బోగస్ సభ్యుడికి బలం ఇచ్చేది రాని సభ్యుడే.

ఆ పెద్దామె అడిగిన ప్రశ్నకు ఆ రోజున మేము చెప్పలేకపోయిన సమాధానం ఇప్పుడు చెబుతున్నాము. అమ్మా, వాళ్ల ఓటూ నీ ఓటూ ఒకటి కాకూడదు. ఒకటయ్యేలా చేసింది మా సంతకం. అటువంటి సంతకం ఇక మీ ఎవరి చేతా పడకూడదని కోరుకుంటూ, మీ గ్రామాలకు వెళ్లిన వెంటనే రిజిస్టరు తెరిచి చివరి పేజీల నుంచి వెనక్కు చదవమని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.