తెరపై ఆట, కౌంటర్‌లో చూపు



నలభై దాటిన మనలో చాలామందికి ఒక బెంగ ఉంది. ఖాతాదారు ముఖం గుర్తొస్తుంది, పేరు నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే కాబోలు, జ్ఞాపకశక్తిని పెంచుతామనే యాప్‌లు మన ఫోన్లలో చేరుతున్నాయి. తెరపై కొన్ని గళ్లు వెలిగి ఆరిపోతాయి. ఏవి వెలిగాయో చెప్పాలి. నేనూ ఆడాను. స్కోరు పెరిగింది, సంతోషం కలిగింది. కానీ మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి కదా, ఒక ప్రశ్న వదల్లేదు: ఈ స్కోరు దేన్ని కొలుస్తోంది?

2010లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 11,430 మంది ఆరు వారాలపాటు కంప్యూటర్‌పై ఇలాంటి అభ్యాసాలు చేశారు. సాధన చేసిన ఆటల్లో మెరుగుపడ్డారు. సాధన చేయని పరీక్షల్లో ఆ ఫలితం కనిపించలేదు. అలాగని శ్రమంతా వృథా అనలేం. అమెరికాలో 65 ఏళ్లు, ఆపైబడిన 2,832 మందితో ‘యాక్టివ్’ అనే పరిశోధన జరిగింది. అందులో కంప్యూటర్‌పై చూపు వేగానికి శిక్షణ పొందినవారు పదేళ్ల తర్వాత కూడా ఆ నైపుణ్యంలో ముందున్నారు. అంటే, ఏది సాధన చేస్తామో ప్రధానంగా అదే వస్తుంది.

మన పాఠ్యపుస్తకాల్లోని హెర్బర్ట్ సైమన్ గుర్తున్నారా? 1973లో ఆయన, విలియం చేజ్ కలిసి చదరంగం ఆటగాళ్లపై పరిశోధన ప్రచురించారు. నిజమైన ఆటలోని బోర్డును 5 సెకన్లు చూపితే, మాస్టర్ చాలా పావులను తిరిగి సరిగ్గా పేర్చాడు. అడ్డదిడ్డంగా పేర్చి చూపితే, కొత్తవాడికీ అతనికీ పెద్ద తేడా లేదు. మన సీనియర్ క్యాషియర్లూ అంతే. కట్ట లెక్కపెడుతుంటే దొంగనోటు దగ్గర వేలు ఆగుతుంది. ఆ చూపు ఇన్నేళ్లుగా చేతుల మీదుగా వెళ్లిన నోట్లు ఇచ్చినది.

కాబట్టి నా సూచన ఇది. మన పనినే మన అభ్యాసంగా మార్చుకుందాం. ఖాతాదారుల సంతకాల జోలికి పోవద్దు. మనమే కల్పిత పేర్లతో సంతకాలు చేసి, ఒకరివి ఒకరం అనుకరించి, స్కాన్ చేద్దాం. అసలు సంతకాన్ని తెరపై కొన్ని సెకన్లు చూపి తీసేయాలి. తర్వాత వచ్చే నాలుగింటిలో అదేదో చెప్పాలి. జవాబు వెంటనే తెలియాలి, ఎక్కడ తేడా ఉందో కూడా చూపాలి. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు చాలు. నోట్లకు మాత్రం తెర చాలదు. 500 నోటును వంచితే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారడం చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

చివరగా రెండు మాటలు. మరపు రోజువారీ పనులకే అడ్డొస్తుంటే యాప్‌ను నమ్ముకోకండి, డాక్టర్‌ను కలవండి. ఇక చూపు ఎంత పదునెక్కినా, స్పెసిమెన్‌తో పోల్చకుండా చెక్కు పాస్ చేయకండి. అనుమానం రావడానికి జ్ఞాపకం కావాలి. అది తీరడానికి పోల్చి చూడాలి. ఆ చెక్కు వెనుక ఎవరిదో ఏళ్ల తరబడి దాచుకున్న పింఛను సొమ్ము ఉండొచ్చు.