పక్కింటి కప్పు మీద పొగ లేచిందా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9ని ఆదివాసీల రోజుగా జరపాలని ఐక్యరాజ్యసమితి 1994లో నిర్ణయించింది. ఈ రోజున మనం దింసా ఆడతాం, ర్యాలీ తీస్తాం, హక్కుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ కావాలి. అయితే మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు అంతకంటే చిన్న సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఈ పొద్దున మన పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో మనలో ఎంతమందికి తెలుసు?

మా చిన్నప్పుడు పాడేరు ఏజెన్సీలో ఆషాఢం, శ్రావణం అంటే గింజలు అడుగంటే నెలలు. చోడి ఇంకా చేలోనే ఉండేది. మామిడి టెంక అంబలితో రోజులు గడుపుకున్న ఇళ్లు మాకు తెలుసు. తెల్లవారగానే మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఊరి ఇళ్లకేసి ఒకసారి చూసేది. ఏ ఇంటి కప్పు మీదా పొగ లేవకపోతే, చోడిపిండి చాటలో పోసి మా చేతికిచ్చేది. "మొన్న మీ దగ్గర తెచ్చుకున్న అరువు తీర్చమంది అమ్మమ్మ, అని చెప్పండి" అనేది. ఆ పిండి మేమెప్పుడూ అరువు తెచ్చుకోలేదు. ఆ సంగతి ఇచ్చేవాళ్లకు తెలుసు, తీసుకునేవాళ్లకు తెలుసు. అయినా ఎవరి తలా దించాల్సిన పని లేకుండా పిండి ఆ ఇల్లు చేరేది. ఇంకో ఏడు మా ఇంట్లో పొగ లేవని రోజున అలాగే ఒక చాట మా గుమ్మంలోకి వచ్చింది. అరువు తీర్చడానికే వచ్చామన్నారు.

మన పండగలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే. చైత్రంలో ఇటుకల పండగ చూడండి. ఇంటింటి విత్తనాలు తెచ్చి శంకుదేవుడి దగ్గర పెట్టి పూజ చేశాకే చేలో చల్లుతాం. పొలం ఎక్కువున్నవాడి గింజా, తక్కువున్నవాడి గింజా అక్కడ ఒకచోటే చేరతాయి. మా ఊళ్లో వేటలో దొరికినదాన్ని అడ్డాకుల్లో వాటాలు పెట్టేవారు. వేటకు వెళ్లే మగవాళ్లు లేని ఇంటికీ ఒక ఆకు పడేది. ఇప్పుడు వేటను చట్టం ఒప్పదు, సరే. ఆ ఆకు వేయడం మానమని ఏ చట్టమూ చెప్పలేదు.

డోలీ మాట కూడా చెప్పుకోవాలి. ఒక కర్ర, ఒక దుప్పటి, ముందొకరు, వెనకొకరు. నొప్పులు పడుతున్న మనిషితో కొండ దిగడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగురు వెంట నడవాలి. ఆ నలుగురూ పక్కిళ్ల వాళ్లే. డోలీ మన గొప్ప అని మేం అనడం లేదు. రోడ్డు మన హక్కు, దానికోసం అడుగుతూనే ఉండాలి. కానీ రోడ్డు వచ్చేదాకా భుజాలుండాలి కదా! కుర్రాళ్లంతా పనులకు పట్నం వెళ్లిపోతే, అర్ధరాత్రి డోలీ ఎత్తడానికి మనుషులు దొరకని ఊళ్లున్నాయి. ఫోన్‌పేలో డబ్బులు పంపొచ్చు. భుజం పంపలేం.

ఇక మా హాస్టల్ సంగతి. ఇది మా తప్పు, అందుకే చెబుతున్నాం. ఒక వానాకాలం రాత్రి రిజిస్టర్‌లో పిల్లలందరికీ హాజరు వేసి పడుకున్నాం. పదకొండు దాటాక ఆరో తరగతి పాప ఒకతె మా తలుపు కొట్టింది. "అమ్మా, నా పక్క మంచం అక్క రెండు రోజులుగా గుడ్డు నాకే ఇచ్చేస్తోంది" అంది. ముందు మాకు అర్థం కాలేదు. వెళ్లి చూస్తే ఆ అమ్మాయి ఒళ్లు కాలిపోతోంది. ఇంటికి పంపేస్తారేమో, పరీక్షలు పోతాయేమో అని ఎవరికీ చెప్పలేదట. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మలేరియా అన్నారు. ఇంకొక రోజు ఆగితే కష్టమయ్యేదన్నారు. బతికింది, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. మేం బీఈడీ చదివాం, రోజూ తలలు లెక్కపెట్టాం. ఆ చిన్నది మాత్రం పక్కదాని కంచం చూసింది. ఆ రోజు నుంచి మా హాస్టల్లో ప్రతి పిల్లకూ ఒక పని అప్పజెప్పాం: పక్క మంచం అమ్మాయి తిన్నదో లేదో చూసి చెప్పాలి. అది చాడీ కాదని కూడా నేర్పాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక చేదు నిజం కూడా మన మధ్య మాట్లాడుకోవాలి. పక్కింటిని కనిపెట్టి ఉండే కళ్లే ఒక్కోసారి అనుమానించే కళ్లయ్యాయి. ఊళ్లో జ్వరాలొస్తే ఒంటరి ముసలమ్మ చిల్లంగి పెట్టిందన్నారు. అలాంటి ఇంటికి నీళ్లు, నిప్పు మానేశారు. మనుషుల ప్రాణాలే పోయిన సందర్భాలున్నాయి. జ్వరం తెచ్చేది దోమ. చదువుకున్న మీరు ఆ మాట మీ ఊరి రచ్చబండ మీద గట్టిగా చెప్పాలి. అందరూ వెలేసిన గుమ్మంలోకి ముందు మీరే నడవాలి. మన కట్టుబాటు అందరికీ వర్తించాలి, నచ్చినవాళ్లకు మాత్రమే కాదు.

మీ నుంచి కోరేది పెద్ద త్యాగం కాదు. మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో పాటు ఒక జాబితా పెట్టండి: నెలలు నిండిన తల్లులెవరు, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లెవరు, రాత్రి పూట డోలీకో బండికో పిలిస్తే వచ్చేదెవరు. పండగకే కాదు, నాట్లకూ రెండు రోజులు ఊరు రండి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో గది తీసుకుని ఉంటే పక్క గదిలో ఉన్నది మన కొండ పిల్లాడా కాదా అని చూడకండి, తిన్నాడా లేదా చూడండి.

ఇప్పుడు చాలా ఇళ్లలో గ్యాస్ వచ్చింది. కప్పు మీద పొగ కనబడదు. అంటే మా అమ్మమ్మలా గుమ్మంలో నిలబడి చూస్తే మీకు తెలియదు. నాలుగడుగులు వేసి తలుపు తట్టాలి. ఏమని అడగాలో తెలియకపోతే, అరువు తీర్చడానికి వచ్చామని చెప్పండి. నిజానికి మనమందరం ఎవరో ఒకరికి బాకీ ఉన్నవాళ్లమే.

జై ఆదివాసీ!