మద్యము సేవించి వాహనము నడిపినచో: చట్టము, మన రక్షణ

(సంఘ సభ్యుల సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, కొరాపుట్ జిల్లా అందు చేరునాటికే మన పెద్దలనేకులు ఇచ్చట స్థిరపడియుండిరి. నేడు కుందుర మొదలు రాయగడ వరకు మన యిండ్లలో పలువురు లారీలు, జీపులు, ఆటోలు నడిపి కుటుంబములను పోషించుచున్నారు. సాలూరునుండి సుంకి ఘాటుమీదుగా కొరాపుట్, జయపురములకు పోవు త్రోవ వారికి అన్నము పెట్టు త్రోవ. ఆ త్రోవలో త్రాగి పట్టుబడిన వానికి చట్టమేమి విధించునో, ఏ రక్షణ నొసగునో ముందే తెలిసికొనుట మనకు మేలు.

1988నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము, నడుపువాని రక్తమున 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నచో నేరము. త్రాగినది జీలుగ కల్లయినను, ఇప్పసారా యయినను, సీసా మద్యమయినను భేదము లేదు. నడుపుటయే కాక నడుప యత్నించుటయు నేరమే. 2019 సవరణ పిమ్మట మొదటి తప్పుకు ఆరు నెలల వరకు ఖైదు, లేక పదివేల రూపాయల జుర్మానా, లేక రెండును. మరల చేసినచో రెండేండ్ల వరకు ఖైదు, లేక పదునైదువేల జుర్మానా, లేక రెండును. లైసెన్సును మూడు నెలలు నిలుపవచ్చును. రెండవ మారు రద్దే చేయవచ్చును. లైసెన్సు పోయిన డ్రైవరుకు జీతమెక్కడిది? ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ బాధ్యత తనది కాదని వాదించుటకును చట్టము తావిచ్చుచున్నది.

ప్రాణము పోయినచో సంగతి మరింత ఘోరము. ముంబయిలో 2006లో కాలిబాటపై నిద్రించుచున్న కూలీలు ఏడుగురు కారు క్రింద పడి మరణించిరి. మద్యము సేవించి నడిపిన వానికి, నేరపూరిత నరహత్య క్రింద విధింపబడిన మూడేండ్ల ఖైదును 2012లో సుప్రీంకోర్టు ఖాయపరచినది.

ఇక రక్షణ మాట. 185వ సెక్షను నేరము జామీను పొందదగిన నేరము. ఆ జామీను ఎవరి దయయు కాదు, హక్కు. అరెస్టు చేసిన రెండు గంటలలోగా వైద్యునిచే పరీక్ష చేయింపవలెను, చేయింపనిచో విడువవలెను. నిర్బంధమున నుంచినచో ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. వకీలుతో సంప్రదించు హక్కు రాజ్యాంగము 22వ అధికరణమున నున్నది. తగిన కారణము లేక పరీక్షను నిరాకరింపరాదు. ఆ నిరాకరణమే సాక్ష్యమగును. వాసన వచ్చుట, నడక తడబడుట మాత్రమే చాలవని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పియున్నది. కావున అరెస్టు వేళను, పరీక్ష వేళను వ్రాసికొనవలెను. ఫలితపు చీటీ నకలు అడుగవలెను.

భాషాల్పసంఖ్యాకులమైన మనకు మరియొక ముఖ్యవిషయము కలదు. మనలో ఒడియా మాటలాడుట దాదాపు అందరికిని వచ్చును. స్టేషను కాగితమును చదివి గ్రహింపగలవారు అందరును కారు. అరెస్టు కారణములను వ్రాతమూలకముగా, అరెస్టయినవానికి అర్థమగు భాషలో తెలుపవలెనని 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికప్పుడు వీలుకానిచో నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ఎదుట నిలుపుటకు కనీసము రెండు గంటల ముందు కాగితమీయవలెను. ఆ వ్యాజ్యమును ముంబయిలో 2024లో జరిగిన కారు ప్రమాదమునుండి పుట్టినదే. కావున తెలియని కాగితముపై సంతకము చేయక, చదివి వినిపింపుడని వినయముగా అడుగుడు.

పని చెడునను తొందరలో నేరమొప్పుకొని జుర్మానా కట్టి వచ్చు అలవాటు కొందరికి కలదు. ఆ ఒప్పుకోలు శిక్షగా నమోదగును. మరల పట్టుబడినచో అది రెండవ నేరమగును. వకీలు నడిగిన పిమ్మటనే నిర్ణయించుకొనవలెను. వకీలుకు ధనము లేదని దిగులు వలదు. కొరాపుట్ జిల్లాకు జయపురమందును, రాయగడ జిల్లాకు రాయగడయందును జిల్లా కోర్టులు కలవు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితముగా వకీలును పొందవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, కస్టడీలో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేదు.

సంఘము తోడు వచ్చునుగదా యని త్రాగి నడుపువాడు మాకు వలదు. పిల్లవాడు పట్టుబడినచో పెద్దలము స్టేషనుకు పోవుదుము. కాగితము చదివించుదుము, వకీలును చూపుదుము. సిఫారసు మాత్రము చేయము. ఘాటు మలుపులో ఎదుట వచ్చు బండిలోనివారును ఒకరి బిడ్డలే.

పెండ్లిండ్లు, పండుగలు రానున్నవి. విందుకు పోవునపుడు త్రాగనివాని చేతికి తాళపుచెవి యిండు. అట్టివాడు లేనిచో ఆ రాత్రి అచ్చటనే నిద్రింపుడు. తెల్లవారిన పిమ్మటను మత్తు పూర్తిగా విడిచిన తరువాతనే బండి తీయుడు. ఇంటివారి కంటికి నిద్రపట్టునట్లు చేయుట కంటె మించిన రక్షణ ఏ చట్టమునను లేదని మనవి చేసికొనుచున్నాము.