పాఠశాలయందు రక్షకభటుడు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేటి మధ్యాహ్నము మీ యాలోచనకు రానున్న తీర్మానములలో నొకటి, మన ప్రాంతపు సర్కారు బడులలో ప్రభుత్వము తన వ్యయముతో పోలీసు కానిస్టేబుళ్లను నిలుపవలెనని కోరుచున్నది. దానిని ప్రతిపాదించినవారు పిల్లల మేలు గోరువారే. అయినను చేతులెత్తి యంగీకరించుటకు ముందు మంచిచెడ్డలు విచారించుట పెద్దల ధర్మము.

వారి భయము నిరాధారము కాదు. మన పాయకరావుపేట జాతీయ రహదారి ప్రక్కనున్నది. తుని రైలుస్టేషను ఏటి కావలి గట్టుననే యున్నది. మన్యమునుండి దిగివచ్చు గంజాయి కీ త్రోవలు క్రొత్తవి కావు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చేరువనున్న కోడూరు గ్రామమున పోలీసువారు రమారమి 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట ప్రోవుపెట్టి కాల్చివైచిరి. పట్టుబడినదే యింత యైనప్పుడు పట్టుబడని దెంతయో యని తల్లిదండ్రులు తలపోయుట సహజము. బడి విడుచువేళ ఆడుపిల్లల వెంటబడు ఆకతాయిల సంగతి నేను వేరుగ చెప్పనక్కరలేదు.

బడిలో పోలీసును నిలుపు పద్ధతి అమెరికాదేశమున 1950 తరువాతి దశకమునందే మిషిగను రాష్ట్రములోని ఫ్లింటు పట్టణమున మొదలైనది. 1999 ఏప్రిల్ 20వ తేదీన కొలరాడోలోని కొలంబైను పాఠశాలలో కాల్పులు జరిగిన పిమ్మట కేంద్రప్రభుత్వపు ధనము వరదవలె పారినది. 70 కోట్ల డాలర్లకు మించిన సొమ్ముతో వేలకొలది పోలీసులు బడులలో నియమితులైరి. ఫలమేమి? 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండు బడిలో 17 మంది హతులైనప్పుడు అచ్చట కాపున్న సాయుధాధికారి భవనము వెలుపలనే నిలిచిపోయెను. 2023లో న్యాయస్థానము ఆయనను నిర్దోషి యనెను. 2022 మే 24న టెక్సాసులోని యువాల్డీ బడిలో 19 మంది పసివారును ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించిరి. 376 మంది అధికారులు చేరియు గంటకు మించి ఆ గదిలోనికి పోరైరి. మరియొక ప్రక్క, పూర్వము పంతులు మందలించి విడిచిన చిన్న యల్లరులు కేసులుగా మారినవి. నల్లజాతి పిల్లలు తమ సంఖ్యకు మించి పట్టుబడుచున్నారని అచ్చటి విద్యాశాఖ లెక్కలే చూపినవి. 2020 జూన్‌లో మినియాపొలిసు నగరపు విద్యామండలి పోలీసుశాఖతో తన యొప్పందమును రద్దు చేసికొనెను.

మన దేశమున తుపాకి బెడద అట్టిది కాదు. వారి రోగము మనకు లేనప్పుడు వారి మందు మన కెందులకు?

మన దేశము త్రొక్కిన త్రోవ వేరు. కేరళమున 2010లో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకము ఆరంభమైనది. దానినే 2018 జూలైలో కేంద్రప్రభుత్వము దేశమంతటికి విస్తరింపజేసి, రాష్ట్రములకు 67 కోట్ల రూపాయలు విడుదల చేసెను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు చట్టము, సత్ప్రవర్తన, దురభ్యాస నివారణము మొదలగు విషయములు బోధించుట దాని యుద్దేశము. ఇచ్చట భటుడు పిల్లలను పట్టుకొనుటకు గాక పిల్లలతో మాటాడుటకు వచ్చును. కాని బడి యొక్కింటికి నిర్ణయించినది 50,000 రూపాయలు. పండ్రెండు నెలలకు పంచిన నెలకు 4,200 రూపాయలైనను రావు. ఈ సొమ్ము పాఠ్యోపకరణములకును శిక్షణకును మాత్రము సరిపడును. ఒక కానిస్టేబులు జీతమునకు కాదు. కావున కోరుచున్న నియామకమునకు వేరు నిధి కావలెను. అది విద్యాశాఖ పద్దునుండి వచ్చునా, పోలీసుశాఖ పద్దునుండి వచ్చునా యని తీర్మానము చెప్పలేదు. ఖాళీగా నున్న ఉపాధ్యాయుని కుర్చీ ఖర్చుతో ద్వారమున కుర్చీ వేయించుట మనకు లాభము కాదు.

జీవితమంతయు సంస్కృతము చెప్పినవాడను గనుక ఒక మాట మనవి చేయుదును. 'శిక్ష' యన సంస్కృతమున విద్య గ్రహించుట యని యర్థము. వేదాంగములారింటిలో మొదటిదానికి శిక్ష యని పేరు. ఆ మాటయే తెలుగునకు వచ్చి దండనమైనది. 2018లో కేంద్రము నెలకొల్పిన 'సమగ్ర శిక్ష' యను విద్యాపథకపు పేరు విని, ఇది యెవరికి వేసిన శిక్ష యని మన పల్లెవాసి యడిగిన నవ్వరాదు. మన చెవి కీ రెండర్థములు కలిసిపోయినవి. మన బడులలో కలిసిపోకుండ జూచుట మన బాధ్యత. దండించు నధికారము గలవాడు తరగతి చెంత నిత్యము నిలిచినచో మొదటి యర్థము సన్నగిల్లి రెండవది మిగులును.

నేను పనిచేసిన యొక బడిలో, పేరు చెప్పను, డబ్బు పోయినదని ఠాణాకు కబురు పంపిరి. కానిస్టేబులు వచ్చి ఒక నేతవాని కొడుకును గుమ్మము బయటికి పిలిచి ప్రశ్నించెను. కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు ఆ డబ్బు పుస్తకముల బీరువా వెనుక దొరకినది. కాని బాలుడు మరల బడికి రాలేదు. నేను రెండుమార్లు వారి యింటికి పోతిని. తండ్రి మగ్గపు గుంతలోనుండి తల యెత్తి, "పంతులుగారూ, ఊరంతా చూసింది" అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ధనవంతుని బిడ్డకైనచో వకీలు వచ్చును. మనవంటి వారి బిడ్డకు మచ్చ మాత్రమే వచ్చును.

ఈ మచ్చ పడకుండుటకే చట్టములు చేయబడినవి. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము ప్రతి ఠాణాలో ఏఎస్ఐ హోదాకు తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి యుండవలెను. బిడ్డను లాకప్పులో నుంచరాదు. 2016 నాటి నియమముల ప్రకారము పిల్లలతో వ్యవహరించునప్పుడు సాధ్యమైనంతవరకు యూనిఫారము లేక సాదా దుస్తులతో నుండవలెను. 2012 నాటి పోక్సో చట్టమును బాధితురాలి వాఙ్మూలము తీసికొను నధికారి యూనిఫారమున నుండరాదనుచున్నది. ఖాకీ బట్ట పసివాని మనసున నేమి చేయునో ఎరిగియే శాసనకర్తలిట్లు వ్రాసిరి. ఉపాధ్యాయుడైనను కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. బెత్తమును బయటికి పంపి లాఠీని లోనికి పిలుచుట పొసగునా?

అట్లని పోలీసువారికి పని లేదని నేననను. వారి పని ప్రహరీకి వెలుపల మెండుగ కలదు. విద్యాసంస్థకు 100 గజముల లోపల పొగాకు వస్తువు లమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ కిళ్లీ బడ్డీలను తొలగించువారెవరు? బాలునికి మత్తుపదార్థ మిచ్చినవానికిని, బాలునిచే దానిని మోయించినవానికిని బాలన్యాయ చట్టము 77, 78 సెక్షనుల క్రింద ఏడేండ్ల కఠినశిక్షయు లక్ష రూపాయల జరిమానాయు విధింపవచ్చును. ఇక్కడ 'శిక్ష'కు తెలుగు అర్థమే తగును. అది అమ్మువానికి తగును గాని బిడ్డకు కాదు. 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వము మాదకద్రవ్యములపై 'ఈగిల్' దళమును నెలకొల్పి, 1972 నంబరుతో సహాయవాణిని పెట్టినది. పిల్లల యాపద తెలుపుటకు 1098 కలదు. ఈ రెండంకెలును ప్రతి తల్లికి కంఠస్థము కావలెను.

మన పాయకరావుపేట నియోజకవర్గమునుండి ఎన్నికైన శ్రీమతి వంగలపూడి అనితగారు పూర్వము ఉపాధ్యాయినిగా నుండి, 2024 జూన్‌లో రాష్ట్ర హోంమంత్రి పదవి స్వీకరించిరి. నల్లబల్ల మర్యాదయు లాఠీ మర్యాదయు నెరిగిన యట్టివారికి మనము పంపు విన్నపము అక్షరాక్షరము ఆలోచించి వ్రాసినదై యుండవలెను.

కావున తీర్మానము నిట్లు సవరింపుడని ప్రార్థించుచున్నాను. బడి పెట్టు వేళను, విడుచు వేళను వీధిమొగలను బస్సుస్టాండును పోలీసువారు, ముఖ్యముగా స్త్రీ పోలీసులు, కాపు కాయవలెను. నెలకొకతూరి బాలల సంక్షేమాధికారి సాదా దుస్తులతో వచ్చి పిల్లలతో మాటాడవలెను. ప్రధానోపాధ్యాయుడు పిలువనిదే, తల్లిదండ్రులకు తెలియనిదే, ఏ బిడ్డను బడిలో ప్రశ్నింపరాదు. దీనికగు వ్యయము పోలీసు పద్దునుండియే రావలెను.

దాతలకొక మనవి. పిల్లల మనసు తెలిసి మాటాడగల సలహాదారును ఒక్కరిని మన బడులకు వారమున రెండుదినములు పంపుటకు సంఘము నిధి యేర్పరచినచో, మీ ధనము సద్వినియోగమగును. చెడుత్రోవ పట్టిన బిడ్డను మొదట గుర్తించునది గుమ్మమున నిలిచినవాడు కాదు, ప్రక్కన కూర్చుండువాడు.

మనవారు పగలు రాత్రి మగ్గము గుంతలో కాళ్లాడించి బిడ్డలను బడికి పంపినది వారు తల యెత్తుకొని నడచుటకే. ఆ తల వంచని కాపుదలను కోరుదము.