అడవిని జూచుట, అడవి నెఱుగుట



'సఫారీ' యను మాట ఇటీవల మన పిల్లల నోట తఱచుగా వినబడుచున్నది. ఆఫ్రికా ఖండమందలి స్వాహిలీ భాషలో దానికి ప్రయాణమని యర్థము. అరబ్బీ 'సఫర్' నుండి పుట్టిన మాట యది. ఆ సఫర్ హైదరాబాదు ప్రాంతమున నెఱుగనివారు లేరు. జీపెక్కి పులిని జూచి వచ్చుటయే సఫారీ యని పిల్లల తలంపు. కౌకూరు చుట్టునున్న బండరాళ్లలో, ముండ్లపొదలలో కాలినడకను దిరుగుటయు నట్టిదే యని చెప్పుటకు నేడు మీ యెదుటికి వచ్చితిని.

బాల్యమున నేను అమరకోశము వల్లించినవాడను. సింహాదివర్గము, వనౌషధివర్గము నేటికిని కంఠస్థములే. పలాశమనగా మోదుగ, ఆరగ్వధమనగా రేల యని యెందఱు పిల్లలకో చెప్పితిని. కాని ఆకును పూవును లేని దినములలో ఆ రెండు చెట్లను ప్రక్కప్రక్కన నిలిపి యేది యేదని యడిగియుండినచో, నా గుట్టు బయటపడియుండెడిది.

ఉద్యోగములో నుండగా ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని కౌకూరు వైపు పోయితిని. తంగేడుపొద మొదట కుందేటిపిల్ల యొకటి ఒంటిగా ముడుచుకొని యుండెను. కన్నులు తెఱచియున్నవి, ఒడలంతయు బొచ్చున్నది, మేము సమీపించినను గదలలేదు. తల్లి చచ్చినది కాబోలునని జాలిపడి, దానిని ఉత్తరీయమున జుట్టి యింటికి దెచ్చితిని. దూదివత్తితో ఆవుపాలు పట్టితిమి. మూడవనాటి యుదయమున నది చచ్చిపడియుండెను. పిల్లలు కన్నీరు పెట్టుకొని దానిని బడి వెనుక పూడ్చిరి.

ఈ సంగతి విన్న గొల్లపెద్ద యొకడు నన్నొక్క ప్రశ్న యడిగెను: "పంతులుగారూ, దాని తల్లి సచ్చిందని మీకెవలు జెప్పిన్రు?"

నాయొద్ద సమాధానము లేదు.

మన కుందేలు కలుగు త్రవ్వుకొనదు. దాని పిల్లలు కన్నులు తెఱచియే, బొచ్చుతోనే పుట్టును. తల్లి వానిని పొదలో డాచి దూరముగా మేయును. అది చేరువనే తిరుగుచుండినచో దాని జాడ బట్టి నక్కయో కుక్కయో పిల్లను గనిపెట్టును గదా! పాలియ్యవలసిన వేళకు మాత్రము వచ్చి పోవును. కదలక పడియుండుటయే పిల్లకు రక్ష. జింకపిల్లలును పుట్టిన తొలి దినములలో గడ్డిలో నిట్లే డాగియుండును. నేను దిక్కులేనిదనుకొన్న పిల్ల తల్లి యుంచిన చోటనే యున్నది. నా జాలియే దానిని జంపినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి యట్లు పట్టితెచ్చుట నేరమను సంగతియు నాకప్పుడు దెలియదు.

ఆనాటినుండి వీలైనప్పుడెల్ల ఆ గొల్లపెద్ద వెంట నడచితిని. కుందేలు కనబడనక్కఱలేదు; అణగిన గుండ్రని గడ్డియుండలవంటి దాని పెంటికలు చాలునని యతడు చూపెను. ఒకచోట తంగేడు, మోదుగ, లాంటానా తప్ప వేఱు పచ్చదనము లేనిచో, అక్కడ మందలు మితిమీరి మేసినవని గుర్తు. పశువులు సాధారణముగా వీనిని ముట్టవు. లాంటానా మన దేశపుది కాదు. అందమునకై తోటలలో బెట్టుటకు దెచ్చిన అమెరికా మొక్క యది. పిట్టలు పండ్లు దిని గింజలు చల్లగా అడవుల నాక్రమించినది. సీతాఫలమును అమెరికా నుండి వచ్చినదే. పండు తీపిదగుటచే గాబోలు, దానిమీద నెవరును ఫిర్యాదు చేయరు!

ఇక జింకలు. శామీర్‌పేటలోని జవహర్ జింకల వనమునకు మనుమలతో బోయిన పెద్దలు మీలో నుందురు. చుక్కల జింకను, కృష్ణజింకను మనము జింక యను నొక్క పేరుతోనే పిలుతుము. చుక్కల పోతుకు కొమ్మలు చీలిన కొమ్ములుండును. అవి రాలి మరల మొలచును. కృష్ణజింకలలో మగది ఇఱ్ఱి. దాని కొమ్ములు మెలిదిరిగి యుండును, చీలవు, రాలవు. ఈ విషయమున నది ఆవునకును మేకకును చుట్టము. మొదటిది చెట్లనీడ గోరును, రెండవది బయలుగడ్డిని గోరును. 2014లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రజంతువుగా స్వీకరించినది చుక్కల జింకను.

కృష్ణసారము సహజముగా సంచరించు భూమి యజ్ఞమునకు దగినదని మనుస్మృతి చెప్పుచున్నది. నేను దానిని ధర్మశాస్త్రముగానే చదివితిని. ఆ మృగము సంచరించు నేల యెట్టిదో యెన్నడు నాలోచింపలేదు. చెట్లు లేని ఆ గడ్డినేలనే మనము బంజరనుచున్నాము. దానినిండ చెట్లు నాటినచో ఆ నీడయే ఇఱ్ఱికి నిలువనీడ లేకుండ జేయును. వనస్థలిపురము కడనున్న మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలు నేటికిని గలవు. అది పూర్వము నిజాముల వేటభూమి. అక్కడికి బోయినప్పుడు జింకతోపాటు దాని కాలిక్రింది గడ్డినిగూడ మనుమలకు జూపుడు.

గత సంవత్సరము మరల కౌకూరులో, బలుసుపొద క్రింద నొక కుందేటిపిల్ల కనబడినది. వెంటనున్న బాలుడు చేయి చాచెను. నేనతని భుజము పట్టి వెనుకకు లాగితిని. దూరమున బండమీద గూర్చుండి చీకటిపడువఱకు జూచితిమి. తల్లి రాలేదు. బాలుడు నన్ను నిష్ఠురముగా జూచెను. మరునాటి వేకువను ఇద్దఱమును బోయి చూడగా పిల్ల అక్కడ లేదు. నెత్తురు మరకయు లేదు, బొచ్చు రాలినదియు లేదు. గొల్లపెద్ద కొడుకు మందను దోలుకొనిపోవుచు, "ఇంకో తావుల బెట్టుకున్నది గావచ్చు" ననెను. బాలుడు ప్రక్కపొద వైపు రెండడుగులు వేసి, తనంతట తానే ఆగి, వెనుకకు వచ్చెను.