దూరపు స్టేషను వినిపించుటకు రేడియో సవరణ
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



రేడియో శ్రుతి తప్పినపుడు మొదట పోవునది దూరపు స్టేషను. దగ్గరి స్టేషను తన బలముచేత ఎట్లో వినిపించును. 1938లో మద్రాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము వెలసిన నాటినుండి తమిళనాటి మన యిండ్లకు రేడియో తెలుగును మోసికొని వచ్చినది. రాత్రివేళ మీడియం వేవ్ మీద ఆంధ్రదేశమునుండి వచ్చు తెలుగే మనకు దూరపు స్టేషను. కావున "ఊరి స్టేషను పలుకుచున్నది గదా, సెట్టు బాగుగనే యున్నది" అనుకొనరాదు.

1918లో ఆర్మ్‌స్ట్రాంగు కనుగొన్న సూపర్‌హెటరోడైన్ పద్ధతిలో, సెట్టులోని ఆసిలేటరు స్టేషనుకంటె సాధారణముగా 455 కిలోహెర్ట్జులు పైన నడచును. స్టేషను 900 మీద నున్నచో ఆసిలేటరు 1355 మీద నుండవలెను. భేదమగు 455ను ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్లు ఏరి ముందునకు పంపును. ఈ పొత్తు చెడినచో ముల్లు ఒకచోట, స్టేషను వేరొకచోట నుండును. లేదా ధ్వని క్షీణించును.

స్క్రూలను ముట్టకముందు బ్యాటరీని, ముల్లును లాగు దారమును, ఫెరైటు కడ్డీని, దానిపై సన్నని తీగను పరీక్షింపుడు. ఎల్.ఇ.డి. దీపములను, ఫోను ఛార్జర్లను ఆపి వినుడు. గరగర తగ్గినచో దోషము సెట్టుది కాదు. సెట్టును మెల్లగా ప్రక్కకు త్రిప్పి చూడుడు. కడ్డీ అన్ని దిక్కులనుండి సమముగా వినదు.

పిమ్మట సవరణ. మొదటిది ఐ.ఎఫ్.; సిగ్నల్ జనరేటరు లేనివారు దాని జోలికి పోరాదు. రెండవది ఆసిలేటరు: 600 ప్రాంతమున కాయిలు కోరును, 1400 ప్రాంతమున ట్రిమ్మరును త్రిప్పి ముల్లును స్టేషనుతో కలుపవలెను. మూడవది ఏరియల్: 600 వద్ద కడ్డీపై కాయిలును జరిపి, 1400 వద్ద ట్రిమ్మరును త్రిప్పి ధ్వనిని హెచ్చింపవలెను. ఒక కొనను సరిచేసిన రెండవ కొన కొంచెము కదలును. కావున రెండు మూడు మారులు చేయవలెను. ప్రతి స్క్రూ మొదటి స్థానమును గుర్తు పెట్టుకొనుడు. ఇనుప స్క్రూడ్రైవరు దగ్గరకు వచ్చినంతనే శ్రుతి మారును. చెక్కిన వెదురుపుల్ల మేలు.

బలమైన స్టేషను మీద ఏరియల్ సవరింపకుడు. సెట్టులోని ఏ.వి.సి. ధ్వనిని సమము చేయును గాన హెచ్చుతగ్గులు చెవికి తెలియవు. క్షీణమైన ఆ తెలుగు స్టేషనునే పట్టుకొని సవరింపుడు.

కరెంటుతో నడచు పాత వాల్వు సెట్లను మాత్రము బిడ్డలచేత విప్పింపకుడు. ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును. బ్యాటరీ సెట్టు చాలును.

అటకమీది సెట్టును పాత సామానులవానికి ఇచ్చుటకు ముందు ఒక రాత్రి బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రయత్నింపుడు. దూరపు మాట స్పష్టమగుచుండగా వారు విద్యుచ్ఛాస్త్రమును, తెలుగును కలిపి నేర్తురు.