బెదురు గుర్రం, భేది ఉప్పు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "డాక్టరుగారూ, పదిమందికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. ఆవుల గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను గుర్రం గురించి చెబుతాను. ఈ రోజుల్లో గుర్రం ఎవరి దగ్గరుందండీ అని వెనక వరసలో నవ్వుతున్నారు. కాస్త ఓపిక పట్టండి, మన ఇళ్ళల్లోకి కూడా వస్తాను.

మా బ్యాచ్ వాళ్ళకి జట్కా తాత గుర్తుండే ఉంటాడు. లెక్కల మాస్టారు సోమవారం పొద్దున్న పాసింజరు దిగి ఆ జట్కాలోనే బడికొచ్చేవారు. బండి ఆలస్యమైతే మాకు మొదటి పీరియడ్ లేనట్టే, అందుకని గుర్రం మొండికెయ్యాలని మొక్కుకునేవాళ్ళం. అది చిన్న నాటు గుర్రం, గూడ్సు కూత వేస్తే బెదిరేది. తాత కొట్టేవాడు కాదు. దిగి, నాలుగు కాళ్ళూ ఎత్తి చూసేవాడు, పెదవి పక్కన వేలు పెట్టి నోట్లో తడిమేవాడు. "ముందు కాలు సూడాలి, తరవాత నోరు సూడాలి. అప్పుడు కడుపు సూడాలి బాబూ" అనేవాడు. సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు, పచ్చగడ్డి, ఓ నౌపడ ఉప్పు గడ్డ. తిరుపతి పశువైద్య కళాశాలలో నేను చదివిన పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా ఆ వరస అంత తేలిగ్గా లేదు.

చదివాక నేనే ఆ వరస మరిచిపోయాను. పాడేరు ఏజెన్సీలో కొత్తగా ఉద్యోగం చేస్తున్నప్పుడు, సంతకి బరువులు మోసే ఒక గుర్రం కరుస్తోందని, తంతోందని తోలుకొచ్చారు. నేను బలానికి టానిక్కు రాసిచ్చాను. వారం తరవాత అదే గుర్రం, అదే కోపం. వీపు మీద గోనెపట్టా తీసి చూస్తే అరచేతంత పుండు. టానిక్కు డబ్బులు ఆ గిరిజన రైతుకి నేనే తిరిగిచ్చాను.

ఇక అసలు సంగతి. మొన్న వేసవిలో మన బడిలోనే నాకు ఏడేళ్ళు జూనియర్ ఒకతను ఫోన్ చేశాడు. ఉద్దానంలో కొబ్బరి, జీడి ఉన్నవాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అతని తోట చాలావరకు పోయింది. బతుకుదెరువుకి ఒక గుర్రాన్ని కొని, పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తున్నాడు. ఆ గుర్రం బెదురుతోంది. కాశీబుగ్గలో ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకుని దింపేసినంత పని చేసిందట.

"బావా, మెగ్నీషియం ఏస్తే గుర్రం నెమ్మదవుద్దని సెల్‌లో సూసినాను. పెడతన్నాను" అన్నాడు.

"ఎక్కడిది?"

"కొబ్బరికి ఏసే బస్తా ఉంది కదా. చెట్టుకి ఏస్తే బాగుపడింది, గుర్రానికి ఏస్తే ఏటవుద్ది?"

నవ్వకండి, అందులో తర్కం లేకపోలేదు. మన ఇసక నేలల్లో వానకి మెగ్నీషియం కడుక్కుపోతుంది. కొబ్బరి కింది మట్టలు పసుపెక్కుతాయి. చెట్టుకి ఏడాదికి అర కిలో మెగ్నీషియం సల్ఫేట్ పాదులో వేస్తే కోలుకుంటుంది. ఆకు పచ్చగా ఉండటానికి కారణమైన పదార్థంలో నట్టనడుమ ఉండేది మెగ్నీషియమే. ఆ మెగ్నీషియం సల్ఫేట్‌నే మన కొట్లలో భేది ఉప్పు అంటారు. ఇంగ్లండులో ఎప్సమ్ అనే ఊరి చేదు నీళ్ళలోంచి వచ్చింది కాబట్టి వాళ్ళకి ఎప్సమ్ సాల్ట్. 1618లో కరువొచ్చినప్పుడు కూడా పశువులు ఆ నీళ్ళు తాగలేదని, అలాగే ఆ బుగ్గ సంగతి బయటపడిందని కథ చెబుతారు. పశువులు వద్దన్నదాన్ని మనుషులు మందు చేసుకున్నారు. అంతదూరం ఎందుకు, నౌపడ ఉప్పు మళ్ళల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు నీరంతా మెగ్నీషియం లవణాలే. వానాకాలం గళ్ళుప్పు చెమర్చేది కూడా అందుకే.

గుర్రం ఒంట్లో మెగ్నీషియం ఏం చేస్తుంది? నరం చెప్పింది విని కండరం బిగుసుకోవటానికి కాల్షియం కావాలి, బిగిసింది వదలటానికి మెగ్నీషియం కావాలి అని మోటుగా చెప్పుకోవచ్చు. అది మరీ తక్కువైతే కండరాలు అదురుతాయి, చెమటలు పడతాయి, జంతువు చిన్న చప్పుడికి కూడా ఉలిక్కిపడుతుంది, చివరికి ఈడ్పులొస్తాయి. దూరం తోలుకెళ్ళిన పోనీల్లో ఇలాంటి ఈడ్పులొస్తే రక్తంలో మెగ్నీషియం తగ్గి ఉందని 1935లోనే బ్రిటన్ పరిశోధకులు రాశారు. ఇది నిజమైన జబ్బే. అక్కడి నుంచే, తక్కువైతే బెదురు కదా, ఎక్కువ పెడితే నెమ్మది రాదా అనే ఊహ పుట్టింది. 2015లో ఆస్ట్రేలియాలో కొద్దిపాటి గుర్రాలకి అదనంగా మెగ్నీషియం పెట్టి చూస్తే, బెదిరినప్పుడు పరుగు వేగం తగ్గిందన్నారు. వ్యాపారానికి ఆ మాత్రం చాలు, పొడులు డబ్బాల్లో వచ్చేశాయి. నా మటుకు నాకు, లోటున్న గుర్రానికి అది మందు. లోటు లేనిదానికి అది డబ్బులు దండగ. ఆ లోటు ఉందో లేదో ఒక్క రక్తపరీక్షతో కూడా తేలదు. ఒంట్లో మెగ్నీషియం చాలావరకు ఎముకల్లో, కండల్లో ఉంటుంది. రక్తంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు.

కాబట్టి మేత లెక్క చూడాలి. లెక్కల మాస్టారి శిష్యుణ్ణి కదా, చెబుతాను. పని లేని 500 కిలోల గుర్రానికి రోజుకి 7.5 గ్రాముల మెగ్నీషియం కావాలి. మనవాడి గుర్రం 300 కిలోలుంటుంది, దానికి 4.5 గ్రాములు. అది రోజుకి 6 కిలోల ఎండుమేత తింటే, అందులో నూటికి 0.15 వంతే ఉందనుకున్నా 9 గ్రాములు వస్తుంది. మీదికి మనవాడు రెండు గుప్పిళ్ళు, అంటే 100 గ్రాముల దాకా భేది ఉప్పు కలుపుతున్నాడు. అందులో పదో వంతు మెగ్నీషియం, ఇంకో 10 గ్రాములు. బాగున్న గుర్రాన్ని ఇది చంపదు, పేడ పలచబడుతుంది. కానీ ఒక్కసారే చాలా ఎక్కువ తాగిస్తే మాత్రం చెమటలు పట్టి, కాళ్ళు తేలిపోయి పడిపోతుంది. దానికి విరుగుడు కాల్షియం సూదిమందు. అమెరికాలో గుర్రాల పోటీలకి ముందు నెమ్మదికోసం ఇదే ఉప్పుని నరానికి ఎక్కించే పాడు అలవాటు ఒకటి ఉంది. అక్కడి సమాఖ్య దాన్ని నిషేధించింది.

"ఎరువు బస్తాది ఆపెయ్. ఎరువు శుద్ధి వేరు, దాణా శుద్ధి వేరు. ఆదివారం వస్తాను" అన్నాను.

ఆదివారం వెళ్ళాను. మనవాడు మాట నిలబెట్టుకున్నాడు. బస్తా ఆపేసి, కొట్లోంచి భేది ఉప్పు పొట్లాలు తెచ్చి పెడుతున్నాడు!

తాత వరసలోనే చూశాను. కాళ్ళు బాగున్నాయి, నాడాలు బిగువుగా ఉన్నాయి. తొట్టి దగ్గర సగం నమిలిన గడ్డి ఉండలు పడి ఉన్నాయి. నోరు తెరిపించి వేలు పెడితే, పై దవడ పళ్ళ బయటి అంచులు కత్తుల్లా ఉన్నాయి, బుగ్గ లోపల కోసుకుపోయి పుళ్ళు. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. సరిగా అరగకపోతే ఇలా అంచులు తేలతాయి. పైన ముఖపట్టీ బిగించి, కళ్ళెం లాగి, పక్కన డప్పులు కొడితే ఏ గుర్రం నెమ్మదిగా ఉంటుంది? నా పాత ఆకురాయి తీసి అంచులు అరగదీశాను. గంటన్నర పట్టింది. నా భుజం వారం రోజులు లేవలేదు, అది వేరే సంగతి.

ఇక మేత. ఉలవలు ఖరీదని ఆపేసి, వరిగడ్డి, తవుడు మాత్రమే పెడుతున్నాడు. మన గుర్రపోళ్ళు చేసే తప్పు ఇదే, దీన్ని గట్టిగా చెప్పాలి. తవుడులో మెగ్నీషియానికి కరువు లేదు. భాస్వరం విపరీతంగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. నెలల తరబడి అదే పెడితే, గుర్రం తన ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ముఖం ఎముకలు వాచి తల పెద్దదవుతుంది, కుంటుతుంది. అందుకే దాన్ని తవుడు జబ్బు అని కూడా అంటారు. అంటే మనవాడు ఉన్నదాన్నే ఇంకా పోస్తున్నాడు, లేనిదాన్ని పట్టించుకోలేదు. తవుడు బాగా తగ్గించి, ఉడికించిన ఉలవలు, వేరుశనగ కట్టె, దాణాకి వాడే సున్నపురాయి పొడి కొంచెం, నాకటానికి ఉప్పు గడ్డ పెట్టమన్నాను.

పని అయిపోయింది, అరుగు మీద కూచున్నాం. మనవాడి నాన్నగారు, నాకు మావయ్య వరస, మంచం మీద పడుకుని ఉన్నారు. పలకరిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. ఎప్పుడు వెళ్ళినా లేచి కూచుని, తిత్లీలో పడిన చెట్ల లెక్క చెప్పే మనిషి.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాడు బావా. రెండు వారాలబట్టీ నెమ్మదిగా పడుకుంటన్నాడు. ఇంతకుముందు విరోచనం అవక విసుక్కునేవోడు. రాత్రి పూట వేణ్ణీళ్ళల్లో చెంచాడు భేది ఉప్పు ఇస్తన్నాను. గుర్రం కంటే నాన్నకే బాగా పనిచేసింది."

మావయ్యకి రెండేళ్ళబట్టీ క్రియాటినిన్ ఎక్కువ. ఉద్దానంలో ఆ మాట అర్థం కాని ఇల్లు లేదు. నేను మనుషుల డాక్టర్ని కాను. కానీ ఆవుకైనా, గుర్రానికైనా, మనిషికైనా ఎక్కువైన మెగ్నీషియం బయటికి పోయే దారి మూత్రపిండాలే. అవి పనిచెయ్యకపోతే అది రక్తంలో పేరుకుంటుంది. ముందు మత్తు, నీరసం. తరవాత రక్తపోటు పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, చివరికి ఊపిరి కూడా. మావయ్య చెయ్యి పట్టుకుంటే నాడి చాలా నెమ్మదిగా ఉంది.

పొట్లం జేబులో పెట్టుకుని, ఆటో పిలిపించి, ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. పొట్లం చూపించాను. రక్తం తీసి చూస్తే మెగ్నీషియం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువుంది. కాల్షియం ఎక్కించారు, డయాలిసిస్ చేశారు. మూడో రోజుకి మావయ్య లేచి కూచుని, నన్ను చూసి, "గుర్రం డాక్టరు నాకెందుకొచ్చినాడు?" అన్నారు.

ఈ సభలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాల జబ్బు ఉంటే, భేది ఉప్పు, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, కడుపు మంటకి తాగే తెల్లటి సిరప్పులు, బలానికని, నిద్రకని పిల్లలు పట్నాల నుంచి పంపే మెగ్నీషియం బిళ్ళలు ఏవైనా వాడుతున్నారేమో ఈ రాత్రే చూడండి. సీసాలన్నీ ఒక సంచిలో వేసి, వాళ్ళని చూసే డాక్టరు ముందు పెట్టండి. "మందులేం వాడుతున్నారు?" అని డాక్టరు అడిగితే మనవాళ్ళు ఉప్పు పేరు చెప్పరు. ఉప్పు మందెలా అవుతుందని వాళ్ళ నమ్మకం.

గుర్రం సంగతి చెప్పి దిగుతాను. నెలన్నర తరవాత టెక్కలిలో ఒక పెళ్ళికి వెళితే అదే గుర్రం ఎదురైంది. గడ్డి ఉండలు ఉమ్మడం మానేసింది, డొక్కలు నిండాయి. బాణాసంచాకి మాత్రం ఇంకా బెదురుతోంది. మనవాడు దాని చెవుల్లో దూది పెట్టి, బ్యాండువాళ్ళని పది గజాలు వెనక్కి నిలబెట్టి, పెళ్ళికొడుకు మావయ్యతో పోట్లాడుతున్నాడు, టపాకాయలు ఊరేగింపు అయ్యాక కాల్చుకోమని.